అణువులకు గదులు కట్టిన మేస్త్రీ

‘నీళ్లొస్తున్నాయి!’

ఆ మాట మొదట గుసగుసగా పుడుతుంది. ఒక గుమ్మం నుంచి పక్క గుమ్మానికి, అక్కణ్నుంచి వీధి చివరికి పాకుతుంది. వారానికో, రెండు వారాలకో ఒకసారి, అదీ కొన్ని గంటలే వచ్చే నీళ్లు. ఆ కాసేపట్లో పట్టుకున్నవే మళ్లీ వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ, ఇంట్లో కట్టేసిన పశువులకూ సరిపోవాలి.

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో 1970ల నాటి దృశ్యమిది. ఆ గుసగుస చెవిన పడగానే పరుగెత్తి కుళాయి తిప్పే పిల్లాడి పేరు ఒమర్ యాఘీ. పాత్రలన్నీ నిండేదాకా అతని ప్రాణం కుదుటపడదు. ధార ఎప్పుడు సన్నబడుతుందో తెలియదు మరి.

ఉన్న ఊరు వదిలి వచ్చిన పాలస్తీనా శరణార్థుల కుటుంబం వాళ్లది. ఉన్నది ఒకటే చిన్న గది. అందులో డజను మంది దాకా మనుషులు. వాళ్లు పెంచుకునే పశువులూ ఆ కప్పు కిందే. కరెంటు లేదు. తండ్రి ఆరో తరగతి వరకు చదివాడు. తల్లికి చదవడం, రాయడం రాదు. కాళ్లు చాపుకోవడానికి చోటు లేని ఆ గదిలో పెరిగిన, 1965 ఫిబ్రవరి 9న పుట్టిన ఈ పిల్లాడు పెద్దయ్యాక చేసిన పని గదులు కట్టడం. ఇటుక, సున్నం లేవు. పరమాణువులే ఇటుకలు, వాటి మధ్య బంధాలే సున్నం. చిటికెడు పొడిలో లెక్కకు అందనన్ని ఖాళీ గదులు!

* * *

పదేళ్ల వయసు. బడిలో మధ్యాహ్నం భోజనాల వేళ. లైబ్రరీకి ఎప్పుడూ తాళమే. ఆ రోజు మాత్రం తలుపు తీసి ఉంది. ఒమర్ చప్పుడు చేయకుండా లోపలికి జొరబడ్డాడు. బీరువాలోంచి చేతికి తగిలిన పుస్తకం లాగాడు. తెరిచాడు.

అక్షరాలు కాదు, బొమ్మలు పట్టేశాయి అతన్ని. పుల్లలతో కలిపిన గుండ్రటి బంతులు. ఒక బంతికి నాలుగు పుల్లలు, మరో బంతికి రెండు. అవి ఏమిటో తెలియదు. ఎందుకు వేశారో తెలియదు. అయినా చూపు తిప్పుకోలేకపోయాడు. అవి అణువుల నిర్మాణాలని, మన కంటికి కనిపించే ప్రతి వస్తువూ ఆ బంతులూ పుల్లల అల్లికేనని ఆ తరవాత తెలిసింది. తెలిసేసరికే ప్రేమలో పడిపోయాడు. ఆ తాళం గది ఆ ఒక్క పూట తెరిచి ఉండకపోతే ఏమయ్యేదో చెప్పలేం. తెరిచి ఉండటం వల్ల ఏమైందో మాత్రం ప్రపంచమంతా చూసింది.

పదిహేనేళ్లు నిండగానే తండ్రి తేల్చి చెప్పేశాడు: అమెరికా వెళ్లి చదువుకోవాలి. ఎదురు చెప్పే మాటే లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో దిగేనాటికి ఒమర్‌కు ఇంగ్లిష్ అంతంత మాత్రమే వచ్చు. హడ్సన్ వ్యాలీ కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. పొట్ట గడవడానికి కిరాణా దుకాణంలో సరుకులు సంచుల్లో సర్దాడు, నేల తుడిచాడు. అక్కణ్నుంచి ఆల్బనీలోని రాష్ట్ర విశ్వవిద్యాలయానికి మారి 1985లో డిగ్రీ పుచ్చుకున్నాడు. 1990లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ క్లెంపరర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశాడు.

తరవాతి మజిలీ హార్వర్డ్, ప్రొఫెసర్ రిచర్డ్ హోమ్ ప్రయోగశాల. ఎంజైముల గుండెకాయలో ఉండే ఇనుము, గంధకం గుత్తులను గాజు పాత్రలో తిరిగి తయారు చేసిన దిట్ట హోమ్. అలా ఎంజైముల లోకానికి పక్కనే రెండేళ్లు గడిచాయి. ఆ పరిచయం ఇరవై ఏళ్ల తరవాత ఇంకో దారిలో తిరిగి ఎదురవుతుందని అప్పటికి ఎవరికి తెలుసు?

* * *

1992. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం. ఇరవై ఏడేళ్ల అసిస్టెంట్ ప్రొఫెసర్ యాఘీకి సొంత ప్రయోగశాల దొరికింది. ఆయన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటే. కొత్త పదార్థం కావాలంటే రసాయనాలను కలపడం, వేడి చేయడం, ఏం వస్తుందోనని ఎదురుచూడటం... ఎన్నాళ్లిలా? మేస్త్రీ ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు కుప్పపోసి, అవే గోడలవుతాయని కూర్చుంటాడా? ముందు ప్లాను గీసుకుంటాడు. అణువులకూ ప్లాను గీయలేమా?

ఆయన ఆలోచన ఇది. లోహపు అయాన్లు మూలల్లో కీళ్లుగా ఉండాలి. కర్బన అణువులు వాటి మధ్య దూలాలుగా ఉండాలి. దూలాలు, కీళ్లు కలిసి పందిరిలా అన్ని దిక్కులకూ అల్లుకుపోవాలి. లోపలంతా ఖాళీ. వినడానికి తేలికే. చేయబోతే రెండు చిక్కులు. గట్టి బంధాలతో అతికిస్తే ముక్కలు ఎక్కడివక్కడే అతుక్కుపోయి, క్రమం లేని మడ్డిగా మిగులుతాయి, స్ఫటికం కట్టవు. ఒకవేళ కట్టినా, లోపల నిండిన ద్రావణిని బయటికి తీయగానే గుల్లబారిన గోడలా కూలిపోతాయన్నది ఆ రోజుల్లో చాలామంది రసాయన శాస్త్రవేత్తల నమ్మకం.

నిజానికి ఈ దారిలో మొదటి అడుగు యాఘీది కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ రాబ్సన్ 1974లో విద్యార్థుల కోసం చెక్క బంతులతో అణువుల నమూనాలు తయారు చేయిస్తున్నాడు. పుల్లలు గుచ్చడానికి బంతులకు ఎక్కడెక్కడ చిల్లులు వేయాలో గుర్తులు పెట్టాడు. చిల్లులు సరైన చోట ఉంటే చాలు, అణువు రూపం దానంతటదే వచ్చేస్తోంది! ఆ చూపుతోనే 1989లో రాగి అయాన్లతో వజ్రం అల్లికను పోలిన స్ఫటికం కట్టాడు. లోపల బోలెడంత ఖాళీ, కానీ పెళుసు. జపాన్‌లో సుసుము కిటగావా 1997లో వాయువులు లోపలికి వచ్చి పోగలిగే చట్రాలను చూపించాడు. ముగ్గురూ మూడు ఖండాల్లో ఒకే గుడికి మెట్లు కడుతున్నారు.

యాఘీ 1995లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన వ్యాసంతో ఈ అల్లికలకు పేరు పెట్టాడు. మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్. క్లుప్తంగా ఎంఓఎఫ్. అప్పటికీ ఖాళీ చేస్తే నిలబడేదెలా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

దానికి జవాబు 1999లో వచ్చింది. పేరు ఎంఓఎఫ్-5. అందులో వాడినవి ఏ దివ్యలోకం సరుకులూ కావు. ఒకటి జింకు. రెండోది టెరిఫ్తాలిక్ ఆమ్లం, అంటే మనం రోజూ పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు, ఒంటి మీది పాలిస్టర్ చొక్కాకు ముడిసరుకు. నాలుగు జింకు పరమాణువుల గుత్తి మూలకు కీలు. ఆ ఆమ్లం దూలం. కీలు ఒంటరి అయాను కాకుండా గుత్తి కావడంలోనే కిటుకంతా ఉంది. గుత్తి కాబట్టి కదలదు, వంగదు. లోపలి ద్రావణి స్థానంలో తేలిగ్గా ఆవిరయ్యే మరో ద్రావణిని నింపి, మెల్లగా దాన్ని తోడేశారు. గది ఖాళీ అయింది. గోడలు నిలబడ్డాయి. 300 డిగ్రీల సెల్సియస్ వేడికీ చెక్కుచెదరలేదు.

ఆ గదుల గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే ఎంత వస్తుందో కొలిచారు. ఒక్క గ్రాముకు 2,900 చదరపు మీటర్లు! మన లెక్కలో 70 సెంట్ల పైమాట. తెలంగాణ రైతు భాషలో 28 గుంటలు దాటుతుంది. పెళ్లివిందులో ఆకు చివర వడ్డించే ఉప్పంత పొడిలో దాదాపు ముక్కాలు ఎకరం దాగి ఉందన్నమాట. దూలం పొడవు మారిస్తే గది పెద్దదవుతుంది. దూలానికి కొక్కెం తగిలిస్తే గదికి కొత్త గుణం వస్తుంది. 2002 నాటికి ఎంఓఎఫ్-5 ప్లానుతోనే పదహారు రకాల ఇళ్లు కట్టి చూపించింది యాఘీ బృందం.

* * *

గదులైతే సిద్ధం. మరి అద్దెకు దిగేదెవరు? హైడ్రోజన్ వచ్చింది, మీథేన్ వచ్చింది, కార్బన్ డయాక్సైడ్ వచ్చింది. అవన్నీ చిన్నాచితకా అణువులు. అసలు పెద్దమనిషి ఇంకా గడప బయటే ఉన్నాడు. ఆ పెద్దమనిషి పేరు ఎంజైమ్.

మన వంటింట్లోకి వెళ్దాం. ముదురు మాంసం ఉడకకపోతే పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు. కాసేపటికి మాంసం మెత్తబడుతుంది. ఆ పని చేసేది బొప్పాయి పాలలోని పపైన్ అనే ఎంజైమ్. ఇలాంటి ఎంజైములు మన ఒంట్లో వేల రకాలున్నాయి. కర్మాగారంలో గంటల తరబడి, వందల డిగ్రీల వేడిలో జరగాల్సిన రసాయన చర్యను ఇవి ఒంటి వేడికే చిటికెలో పూర్తి చేస్తాయి. నెత్తురులోని కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఒక్కటి సెకనుకు పది లక్షల దాకా కార్బన్ డయాక్సైడ్ అణువులను మార్చేయగలదు.

ఇంత పనిమంతుడైన ఎంజైమ్‌కు ఒకటే బలహీనత. దాని బలమంతా దాని మడతలో ఉంది. పొడవాటి ప్రొటీన్ గొలుసు ఒక పద్ధతిగా మడతపడితేనే పని జరుగుతుంది. మడత విడిపోతే ఇక అంతే. కోడిగుడ్డు ఉడికించండి. తెల్లసొన గట్టిపడుతుంది. చల్లారబెడితే మళ్లీ పల్చబడుతుందా? పడదు. వేడి తగిలినా, ఆమ్లం తగిలినా, పడని ద్రావణిలో వేసినా ఎంజైమ్‌కు ఇదే గతి. పైగా నీళ్లలో కలిపేశాక తిరిగి ఏరుకోవడం గగనం. ఖరీదైన పనివాణ్ని పిలిచి, ఒక్క పూట పని చేయించుకుని, గంగలో కలిపేసినట్టే.

పుట్టి పెరిగిన కణాన్ని వదిలి బయటికొచ్చిన ఎంజైమ్ ఒక రకంగా శరణార్థే. దానికి కావాల్సింది సరిగ్గా సరిపోయే గది. మరీ ఇరుకైతే లోపలికి దూరలేదు. మరీ విశాలమైతే జారిపోతుంది, మడతా విప్పుకుంటుంది. సిలికా వంటి చిల్లుల పదార్థాల్లో ఎంజైములను కుదిర్చే ప్రయత్నాలు ఏళ్ల తరబడి జరిగాయి. చాలావాటిలో ఎంజైమ్ కొద్దికొద్దిగా కారిపోయేది. కొలత ప్రకారం గదులు కట్టగల మేస్త్రీలు అప్పటికే ఉన్నారు కదా, వాళ్ల దగ్గరికెళ్లడమే మిగిలింది.

* * *

2011లో సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో షెంగ్‌చియాన్ మా అనే యువ ప్రొఫెసర్ ఆ పని చేశాడు. చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో పీహెచ్‌డీ చేసి, ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో పనిచేసి వచ్చినవాడు. టెర్బియం అనే లోహంతో కట్టిన ఎంఓఎఫ్‌లో మైక్రోపెరాక్సిడేజ్-11 అనే బుల్లి ఎంజైమ్‌ను కూర్చోబెట్టింది ఆయన బృందం. సిలికాలోంచి జారిపోయిన ఆ ఎంజైమ్ ఇక్కడ నిలకడగా ఉంది. మళ్లీ మళ్లీ వాడినా పని చేసింది.

మరుసటి ఏడాది అదే బృందానికి ఒక వింత ఎదురైంది. ఈసారి పంపింది సైటోక్రోమ్-సి అనే ప్రొటీన్‌ను. దాని ఒళ్లు రెండున్నర నానోమీటర్లకు పైనే. గది లోపల చోటుంది. కానీ కిటికీ వెడల్పు రెండు నానోమీటర్లయినా లేదు. లెక్క ప్రకారం అది లోపలికి పోకూడదు. కానీ పోయింది! ఎలా? కిటికీ దగ్గర తన మడతను కొంత సడలించుకుని, ఒళ్లు ముడుచుకుని, ఇరుకు సందులో పక్కకు తిరిగి నడిచే మనిషిలా లోపలికి జారుకుందని పరిశోధకులు తేల్చారు. ప్రొటీన్ బండరాయి కాదనీ, సందు చూసుకుని సర్దుకోగలదనీ ఆ ప్రయోగం కళ్లకు కట్టింది.

అదే 2012లో యాఘీ బృందం ఇంకో దారి పట్టింది. ప్రొటీన్ ఒళ్లు ముడుచుకోవడం దేనికి, గుమ్మాన్నే పెద్దది చేద్దాం అనుకుంది. దూలంలో ఒకటే బెంజీన్ వలయం ఉండేచోట రెండు, మూడు... అలా పదకొండు వలయాల దాకా పొడిగించారు. గుమ్మం వెడల్పు 1.4 నానోమీటర్ల నుంచి 9.8 నానోమీటర్లకు పెరిగింది. విటమిన్ బి12 దూరింది. కండరాల్లో ఆక్సిజన్‌ను దాచే మయోగ్లోబిన్ దూరింది. చివరికి జెల్లీ చేపలో ఉండే ఆకుపచ్చ వెలుగు ప్రొటీన్‌ను పంపారు. అది ఎంజైమ్ కాదు గానీ దాని వెలుగే దాని ఆరోగ్యానికి గుర్తు. మడత విడిపోతే దీపం ఆరిపోతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే స్ఫటికం లోపల పచ్చటి వెలుగు. కొత్త గదిలోకి వచ్చిన అతిథి క్షేమంగా ఉన్నాడని ఆ దీపమే చెప్పింది.

2015లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మొత్తం పద్ధతినే తిరగేశారు. గది కట్టి మనిషిని పంపే బదులు, మనిషి చుట్టూ గది కట్టారు. పాలో ఫాల్కారో, క్రిస్టియన్ డూనన్, కాంగ్ లియాంగ్‌ల బృందం అది. జింకు, మిథైల్ ఇమిడజోల్ కలిపిన నీళ్లలో ప్రొటీన్ వేశారు. నత్త తన ఒంటి చుట్టూ గుల్ల కట్టుకున్నట్టు ప్రొటీన్ చుట్టూ జడ్ఐఎఫ్-8 అనే ఒక రకం ఎంఓఎఫ్ స్ఫటికం పేరుకుంది. 2006లో యాఘీ బృందం లోకానికి పరిచయం చేసిన కుటుంబంలోదే ఈ జడ్ఐఎఫ్. హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను అలా గుల్లలో పెట్టి, 153 డిగ్రీల దగ్గర మరిగే ద్రావణిలో ఉంచారు. గుల్ల లేని ఎంజైమ్ అక్కడ బతికి బట్టకట్టదు. గుల్లలోది మాత్రం పని చేస్తూనే ఉంది. కాస్త ఆమ్లం చేరిస్తే గుల్ల కరుగుతుంది, ఎంజైమ్ బయటికొస్తుంది.

ఇవన్నీ రేపే బజారుకొస్తాయని చెప్పడం అబద్ధమవుతుంది. గదిలో ఎంజైమ్ ఉంటే చాలదు, ముడిసరుకు లోపలికి రావాలి, తయారైన సరుకు బయటికి పోవాలి. ఇరుకు వసారాల్లో ఆ రాకపోకలు నెమ్మదిస్తాయి. స్ఫటికాన్ని టన్నుల్లో చౌకగా తయారు చేయాలి. పని ఇంకా చాలా ఉంది. కానీ ఫ్రిజ్ లేని ఊళ్లో చెడిపోని టీకా, ఒకసారి వాడి పారేయక్కర్లేని ఎంజైమ్, పొగా విషమూ లేకుండా తయారయ్యే మందు... ఈ కలలను లెక్కల్లోకి తెచ్చినవాటిలో ఈ గదులూ ఉన్నాయి.

* * *

గదుల్లోకి ఇంకో అతిథిని కూడా పిలిచాడు యాఘీ. చిన్నప్పుడు తన ఇంటికి వారానికోసారి వచ్చి వెళ్లిపోయిన అతిథి. నీరు!

అరిజోనా ఎడారి. 2017, 2018 ప్రాంతం. పెట్టెలో పెట్టె. లోపలి పెట్టెలో ఎంఓఎఫ్ పొడి. రాత్రి మూత తీసి పెడతారు. ఎడారి గాలిలోని కొద్దిపాటి తేమ ఆ గదుల్లోకి చేరుతుంది. పొద్దున్నే మూత వేస్తారు. ఎండ తగలగానే గదుల్లోని నీరు ఆవిరై, బయటి పెట్టె గోడల మీద చుక్కలుగా దిగుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. ఆ తరవాత అల్యూమినియంతో చేసిన ఎంఓఎఫ్-303తో యంత్రం తయారు చేసి మొహావీ ఎడారిలో నిలబెట్టారు. కిలో పొడి రోజుకు 0.7 లీటరు నీళ్లిచ్చింది. నీటిచుక్క కోసం పరుగెత్తిన పిల్లాడు గాలిలోంచి నీటిచుక్కను దించాడు. ‘నీళ్లొస్తున్నాయి’ అన్న ఆ గుసగుస ఆయన చెవుల్లో అన్నేళ్లూ మోగుతూనే ఉందని ఈ పనే సాక్ష్యం చెబుతోంది.

* * *

2025 అక్టోబర్ 8. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం. అరవై ఏళ్ల యాఘీ విమానం మారే హడావుడిలో ఉన్నారు. ఫోన్ మోగింది. అవతల స్టాక్‌హోమ్. రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి రాబ్సన్‌కు, కిటగావాకు, యాఘీకి కలిపి ఇస్తున్నారన్న కబురు. చెక్క బంతులకు చిల్లులు వేయించిన రాబ్సన్‌కు అప్పటికి 88 ఏళ్లు.

అరిజోనా నుంచి మిషిగన్‌కు, అక్కణ్నుంచి లాస్ ఏంజెలెస్‌కు, 2012లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి సాగిన ప్రయాణం అది. దేశం కాని దేశంలో నేల తుడిచిన చేతుల్లోకే నోబెల్ వచ్చింది. ఆయన ప్రతిభ గొప్పది, శ్రమ ఇంకా గొప్పది. కానీ ఆ రెండూ ఒకనాడు తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి నడిచాయన్నది మరవకూడదు. శరణార్థికి ఒక దేశం తలుపు తీసింది. దుకాణంలో సంచులు సర్దే కుర్రాడికి ఒక కమ్యూనిటీ కాలేజీ తలుపు తీసింది. అన్నిటికన్నా ముందు, పదేళ్ల పిల్లాడికి బడిలోని లైబ్రరీ తలుపు తెరిచి ఉంది.

మన ఊళ్లలో ఎన్ని బళ్లలో పుస్తకాల బీరువాకు తాళం వేలాడుతోందో మనకు తెలుసు. పుస్తకాలు నలుగుతాయనీ, పోతాయనీ దాచేస్తాం. నలిగిన పుస్తకాన్ని అతికించుకోవచ్చు, పోయినదాన్ని కొనుక్కోవచ్చు. తెరవని పుస్తకం వల్ల పోయిన పిల్లాణ్ని ఎక్కడ వెతుకుతాం? ఇది చదివిన టీచర్లకు, తల్లిదండ్రులకు, ఊరి పెద్దలకు ఒకటే మనవి. రేపు బడి తెరవగానే ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. బీరువా తీయించండి. పిల్లలు ఏ పుస్తకం లాగుతారో వాళ్లకే వదిలేయండి.